సరిహద్దు దాటితే గిరిజనులు కారట!

బస్తర్ నుంచి వచ్చిన వలస ఆదివాసులకు ఇరవై ఏళ్లయినా దారి చూపని చట్టాలు

భద్రాచలం: ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని మన జిల్లా అడవుల్లోకి వచ్చిన ఆదివాసులకు ఇరవై ఏళ్లు గడిచినా ఒక ప్రశ్నకు జవాబు దొరకలేదు. తాము ఎవరు? సొంత ఊళ్లో ఉన్నంతకాలం ప్రభుత్వ రికార్డుల్లో వారు షెడ్యూల్డు తెగవారు. సరిహద్దు దాటి ఇవతల అడుగు పెట్టగానే ఆ హోదా పోయింది. అడవి ఒకటే. భాష దగ్గరిదే. ఇలవేల్పులు, పండుగలు, పెళ్లి సంబంధాలు కూడా కలుస్తాయి. మారిందల్లా రాష్ట్రం పేరు.

మారిన ఆ ఒక్క పేరుతోనే భూమి హక్కు, అటవీ హక్కు, కులపత్రం, చదువులో రిజర్వేషన్ అన్నీ తలకిందులయ్యాయి. గిరిజనులను కాపాడటానికి పుట్టిన ప్రత్యేక చట్టాలే ఈ గిరిజనులకు అడ్డుగోడలుగా నిలుస్తున్నాయి. మరోవైపు, వారు వచ్చిన తరువాత తమ పోడుకు, తమ అడవికి ముప్పు వచ్చిందని ఇక్కడి కోయలు ఆందోళన చెందుతున్నారు. ఈ రెండు బాధల నడుమ సమస్య ఏళ్ల తరబడి నలుగుతోంది.

ఎవరీ గొత్తికోయలు?

ఇక్కడివారు వారిని గొత్తికోయలు అంటారు. కొందరు గుత్తికోయలు అని రాస్తారు. వారు తమను తాము అలా చెప్పుకోరు. వారిలో ఎక్కువ మంది మురియాలు. దోర్లలు కూడా ఉన్నారు. గోండు కుటుంబానికి చెందిన ఈ తెగలు ఛత్తీస్‌గఢ్ షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నాయి. భద్రాచలం మన్యంలోని కోయలకూ దోర్లలకూ ఎంతోకాలంగా చుట్టరికాలు ఉన్నాయి.

ఈ రాకపోకలు కొత్తవేమీ కావు. మిరప కోతల కాలం వస్తే బస్తర్ వైపు నుంచి కూలీలు గుంపులు గుంపులుగా రావడం ఈ ప్రాంత రైతులందరికీ తెలిసిందే. తునికాకు సేకరణకూ వచ్చేవారు. పని అయిపోగానే కొందరు తిరిగి వెళ్లేవారు, మరికొందరు ఇక్కడే అడవి అంచున నాలుగు గుడిసెలు వేసుకుని ఉండిపోయేవారు. అయితే 2005 తరువాత వచ్చినవారు కూలికోసం వచ్చినవారు కాదు. ఊళ్లు వదిలి పారిపోయి వచ్చినవారు.

సల్వాజుడుం తెచ్చిన వలస

2005 జూన్‌లో నాటి దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రజలే లేచారని ప్రభుత్వం చెప్పింది. కాంగ్రెస్ నాయకుడు మహేంద్ర కర్మ దానికి ముందు నిలిచారు. గ్రామాలను ఖాళీ చేయించి జనాన్ని రోడ్ల పక్కన శిబిరాలకు తరలించారు. గిరిజన యువకులనే స్పెషల్ పోలీసు ఆఫీసర్లుగా తీసుకుని తుపాకులు ఇచ్చారు. శిబిరానికి వెళితే మావోయిస్టులతో ముప్పు, ఊళ్లో ఉంటే సల్వాజుడుంతో ముప్పు. ఇళ్లు తగలబడ్డాయి. ఇరుపక్షాల చేతుల్లోనూ జనం చచ్చిపోయారు. ఇక మూడో దారి సరిహద్దు దాటడమే.

అలా వేలమంది అడవి దారుల్లో నడిచి అప్పటి ఖమ్మం జిల్లాలోకి వచ్చారు. చర్ల, దుమ్ముగూడెం, చింతూరు మొదలైన మండలాల అడవుల్లో దిగారు. తరువాత కొందరు పాల్వంచ, కొత్తగూడెం వైపు, ఇంకొందరు గోదావరి దాటి ములుగు, తాడ్వాయి అడవుల వైపు సాగిపోయారు.

ఎంతమంది వచ్చారన్న దానిపై లెక్కలు కలవవు. అప్పట్లో స్వచ్ఛంద సంస్థల అంచనా 30 వేల నుంచి 50 వేలు. వామపక్ష తీవ్రవాదం వల్ల రాష్ట్రం విడిచి వెళ్లినవారిగా ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం గుర్తించినట్టు కేంద్రం పార్లమెంటుకు చెప్పిన సంఖ్య 2,389 కుటుంబాలు, 10,489 మంది. వీరిలో 9,702 మంది ఒక్క సుక్మా జిల్లావారే. రెండు లెక్కలకూ మధ్య ఉన్న తేడా ఎంతో చూస్తే, ఏ కాగితంలోనూ లేని మనుషులు ఎంతమంది ఉండవచ్చో అర్థమవుతుంది.

2011 జూలై 5న సుప్రీంకోర్టు సల్వాజుడుం కేసులో తీర్పు చెప్పింది. తెలుగువారైన జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ఆ తీర్పు ఇచ్చారు. చదువు అంతంతమాత్రమైన గిరిజన యువకుల చేతికి తుపాకి ఇచ్చి పోరులోకి దించడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చారు. తీర్పు వచ్చింది. ఊళ్లు విడిచి వచ్చినవారికి మాత్రం ఆ తీర్పుతో ఇల్లు తిరిగి రాలేదు.

గుంపుల్లో బ్రతుకు

వలస వచ్చినవారి గుంపులు ఎక్కువగా రిజర్వు ఫారెస్టులోనే ఉన్నాయి. ఊరికి దూరంగా, వాగుకు దగ్గరగా, పది నుంచి యాభై గుడిసెల దాకా ఉంటాయి. వెదురు తడికలు, మట్టి పూత, గడ్డి కప్పు. వానాకాలంలో వాగు పొంగితే బయటి లోకంతో సంబంధం తెగిపోతుంది. చాలా గుంపుల్లో తాగునీరు చెలమల నుంచే. చేతిపంపు వేయాలన్నా, మట్టిరోడ్డు పోయాలన్నా, కరెంటు స్తంభం నాటాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. ఆ గుంపే అక్రమమని అటవీశాఖ అంటున్నప్పుడు అనుమతి ఎక్కడినుంచి వస్తుంది? రోగం ముదిరితే మంచాన్ని కావడిలా కట్టి రోడ్డు దాకా మోసుకు రావలసిందే.

మిరప కోతలు, పత్తి తీతలు, తునికాకు, ఇప్పపువ్వు, కొద్దిపాటి పోడు, ఇవే వారి బ్రతుకుతెరువు. తెలుగు రాని కొత్తల్లో మేస్త్రీ ఎంత ఇస్తే అంతే కూలి. అడిగితే అటవీ సిబ్బందికి చెబుతామన్న బెదిరింపు ఉండేది. కాగితం లేని మనిషి బేరం ఆడలేడు. ఆ కూలీతో పని చేయించుకునే రైతు కూడా ఈ సంగతి గుర్తించాలి.

2007 డిసెంబరులో జాతీయ బాలల హక్కుల రక్షణ సంఘం బృందం దంతెవాడ, బీజాపూర్‌లతో పాటు ఖమ్మం జిల్లాలోని గుంపులనూ చూసింది. అప్పుడు ఆ సంఘం అధ్యక్షురాలు మన రాష్ట్రానికే చెందిన శాంతా సిన్హా. పిల్లల చదువు, తిండి, వైద్యం గురించి ఆ బృందం ప్రభుత్వాలకు నివేదిక ఇచ్చింది. ఆ తరువాత కొన్ని గుంపులకు రేషను, ఉపాధి పథకం జాబ్ కార్డులు, అంగన్‌వాడీలు, చిన్న బడులు అందాయి. ఓటు, ఆధార్ కార్డులు పొందినవారూ ఉన్నారు. అందని గుంపులు అలాగే మిగిలిపోయాయి. ఒకే వాగు ఒడ్డున ఒక గుంపుకు రేషను ఉండి, పక్క గుంపుకు లేకపోవడం కద్దు.

కులపత్రం చిక్కు

రాజ్యాంగంలోని 342వ అధికరణం ప్రకారం షెడ్యూల్డు తెగల జాబితాను రాష్ట్రపతి ప్రకటిస్తారు. ఆ జాబితా దేశమంతటికీ ఒకటి కాదు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం జాబితా వేరు. ఒక రాష్ట్రంలో గిరిజనుడైనవాడు వేరే రాష్ట్రానికి వలసపోతే అక్కడ ఆ హోదా వర్తించదు. రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ ఆ తెగ పేరు ఉన్నా ఇదే నియమం.

ఈ సంగతిని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లో స్పష్టం చేసింది. ఆ కేసు మూలం కూడా మన తెలుగునాడే. గుంటూరు జిల్లా తెనాలిలో పుట్టిన ఒక విద్యార్థి తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయికి మారాడు. ఆంధ్రప్రదేశ్‌లో తన తెగ షెడ్యూల్డు తెగే కనుక బొంబాయి మెడికల్ కాలేజీలో ఆ కోటా కింద సీటు కావాలని అడిగాడు. ఒక రాష్ట్రంలోని వెనుకబాటును చూసి ఇచ్చిన హోదా మరో రాష్ట్రానికి మోసుకుపోయేది కాదని కోర్టు చెప్పింది.

ఉద్యోగానికో చదువుకో ఇష్టపడి పోయినవారి విషయంలో ఈ నియమానికి అర్థం ఉంది. అక్కడి స్థానిక గిరిజనుల వాటా బయటివారు తన్నుకుపోకూడదు కదా. అయితే ఇల్లు కాలి, ప్రాణభయంతో అడవి దాటి వచ్చినవారికీ అదే కొలత వేస్తున్నారు. ఇక్కడ పుట్టిన వారి పిల్లలకు సైతం తండ్రి స్వస్థలమే లెక్క. అటువైపు వెళ్లి కులపత్రం తెచ్చుకుందామంటే ఊరే లేదు. ఇటువైపు అడిగితే మీది ఈ రాష్ట్రం కాదంటారు. తెలంగాణ జాబితాలో గోండు, కోయ తెగలు రెండూ ఉన్నా వీరికి ఆ పేరు పనికిరావడం లేదు.

గీత జరిగితే ఒక న్యాయం, మనిషి జరిగితే మరో న్యాయం

ఈ ప్రాంతంలో రాష్ట్రాల, జిల్లాల హద్దులు రాతిమీద గీసినవి కావు. భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలు 1959 దాకా తూర్పుగోదావరి జిల్లాలో ఉండేవి. ఆ ఏడాది ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో రాష్ట్ర విభజన జరిగాక పోలవరం ప్రాజెక్టు కోసం చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలను, పట్టణం మినహా భద్రాచలం మండలాన్ని, బూర్గంపాడులో కొంత భాగాన్ని ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది.

అంటే చింతూరు కోయ ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారాడు. అతని గిరిజన హోదాకు మాత్రం ఏ నష్టమూ రాలేదు. విభజన చట్టంలోనే రెండు రాష్ట్రాలకూ తెగల జాబితాలు సిద్ధం చేశారు. గీత మనిషి మీదుగా జరిగితే చట్టం అంత జాగ్రత్త తీసుకుంది. అదే మనిషి ప్రాణభయంతో గీత దాటితే చట్టం ముఖం తిప్పుకుంది. పార్లమెంటు తలచుకుంటే దీనికి కూడా దారి చూపగలదని చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

భూమి చట్టాల్లో ఎక్కడ?

ఏజెన్సీలో భూమి గురించి మాట్లాడితే 1/70 చట్టం గురించి మాట్లాడక తప్పదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో గట్టిపరచి తెచ్చిన చట్టమిది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనులకు, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘాలకు తప్ప ఇతరులకు బదిలీ కాకూడదు. గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి, వేరుగా రుజువు చేసుకునేదాకా, గిరిజనుని నుంచి వచ్చిందేనని చట్టం భావిస్తుంది. మైదాన ప్రాంతపు షావుకార్ల నుంచి మన్యాన్ని కాపాడిన కవచం ఇది. దీన్ని సడలించమని ఎవరూ కోరకూడదు.

అయితే కులపత్రం లేని వలస ఆదివాసి ఈ చట్టం కళ్లకు గిరిజనేతరుడే. బస్తాల కొద్దీ డబ్బున్న షావుకారూ, చేతిలో గొడ్డలి తప్ప మరేమీ లేని మురియా కూలీ ఒకే గాటన పడ్డారు.

2006 అటవీ హక్కుల చట్టం సంగతి మరీ చిత్రం. ఈ చట్టం కింద హక్కు రావాలంటే 2005 డిసెంబరు 13 నాటికి ఆ అటవీ భూమి సాగులో ఉండాలి. గిరిజనేతరులైతే దానికి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అడవిలో నివసించి ఉండాలి. వలస వచ్చినవారు ఈ రెండింటికీ చాలరు. ఇక్కడ షెడ్యూల్డు తెగ కారు, 75 ఏళ్ల నివాసమూ లేదు. 2023 జూన్ నుంచి తెలంగాణ ప్రభుత్వం లక్షన్నర మందికి పైగా గిరిజనులకు దాదాపు 4 లక్షల ఎకరాలకు పోడు పట్టాలు పంచింది. ఆ పంపకంలో వీరికి చోటు లేకపోయింది.

అదే చట్టంలో మూడవ సెక్షనులో మరొక హక్కు ఉంది. అటవీ భూమి నుంచి చట్టవిరుద్ధంగా వెళ్లగొట్టబడి, పునరావాసం పొందని గిరిజనులకు ప్రత్యామ్నాయ భూమితో సహా పునరావాసం ఇవ్వాలని అది చెబుతుంది. వినడానికి ఇది వీరికోసమే రాసినట్టుంటుంది. కాని అక్కడ కూడా 2005 డిసెంబరు 13కు ముందే వెళ్లగొట్టబడి ఉండాలన్న షరతు ఉంది. సల్వాజుడుం మొదలైంది 2005 జూన్‌లో. అంటే తొలి ఆరు నెలల్లో వచ్చినవారికే ఆ సెక్షను అక్షరాలా వర్తిస్తుంది. 2006లో, ఆ తరువాతి ఏళ్లలో ఇల్లు కాలి వచ్చినవారు తేదీకి ఆవల పడ్డారు. ఈ సెక్షను కిందనే నిర్వాసితులను లెక్కించమని 2019లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ రాష్ట్రాలను కోరింది. ఆ లెక్కతో భూమి దక్కే దాకా పని సాగలేదు.

స్థానికుల బాధ కూడా బాధే

వలస వచ్చినవారి కష్టం చెప్పి, ఇక్కడి కోయల మాట వినకపోతే న్యాయం కాదు. తరాలుగా తాము సాగు చేసుకుంటున్న పోడుకే పట్టాల కోసం తిరుగుతుంటే, నిన్న వచ్చినవారు కొత్తగా చెట్లు నరికితే ఆ నింద అందరి మీదా పడుతోందని వారి వాదన. అటవీశాఖ కందకాలు తవ్వినా, మొక్కలు నాటినా నష్టపోయేది మొదట స్థానికులే. తునికాకు, ఇప్పపువ్వు పంచుకోవలసి వస్తోంది. గిరిజన కోటా కింద వచ్చే కొద్ది సీట్లు, ఉద్యోగాలు కూడా పంచుకోవాలంటే తమకేం మిగులుతుందన్న భయం ఉంది. ఈ భయం కల్పితం కాదు.

అటవీశాఖ వాదన కూడా తేలికగా కొట్టివేసేది కాదు. 2005 తరువాత నరికిన అడవి నేరం కిందికే వస్తుందని, ఒకచోట ఊరుకుంటే పదిచోట్ల నరుకుతారని అధికార్లు అంటారు.

ఈ ఒత్తిడి ఎంత దూరం పోయిందో 2022 నవంబరు 22న తేలింది. చండ్రుగొండ మండలం బెండాలపాడు పంచాయతీలోని ఎర్రబోడు వద్ద ప్లాంటేషన్ వివాదంలో ఫారెస్టు రేంజి అధికారి ఒకరు దారుణ హత్యకు గురయ్యారు. విధి నిర్వహణలో ఉన్న అధికారిని చంపడం ఏ కారణం చేతనూ సమర్థించదగింది కాదు. నిందితులైన ఇద్దరు గొత్తికోయలకు 2023లో కోర్టు యావజ్జీవ శిక్ష విధించింది.

నేరం చేసినవారికి శిక్ష పడింది. కాని హత్య జరిగిన కొద్దిరోజులకే, గొత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు పంపివేయాలని బెండాలపాడు పంచాయతీ తీర్మానం చేసింది. ఇద్దరు చేసిన నేరానికి గుంపు మొత్తం ఊరు విడవాలా? ఏజెన్సీ గ్రామసభకు 1996 నాటి పెసా చట్టం ఎన్నో అధికారాలు ఇచ్చింది. గిరిజనుల భూమి చేతులు మారకుండా అడ్డుకోవచ్చు. చిన్నతరహా అటవీ ఫలసాయం మీద హక్కు ఉంది. దేశ పౌరులను రాష్ట్రం దాటించే అధికారం మాత్రం అందులో లేదు.

కులపత్రం అడగని హక్కులు

వలస ఆదివాసులు విదేశీయులు కారు. ఈ దేశ పౌరులు. వారిని కాందిశీకులు అని వాడుకలో అన్నా, చట్టం కళ్లకు వారు కాందిశీకులు కూడా కారు. దేశం లోపలే నిర్వాసితులైనవారి కోసం మన దేశంలో ప్రత్యేక చట్టమేదీ లేదు. ఐక్యరాజ్యసమితి 1998లో ఇలాంటివారి కోసం మార్గదర్శక సూత్రాలు రూపొందించింది గాని అవి కోర్టులో పట్టుబట్టి అమలు చేయించుకునే చట్టం కాదు. అంతమాత్రాన వారికి హక్కులే లేవనుకోవడం పొరపాటు. కులపత్రం ఊసు లేని హక్కులు చాలా ఉన్నాయి.

దేశంలో ఎక్కడైనా తిరగడానికి, నివసించడానికి 19వ అధికరణం ప్రతి పౌరునికీ హక్కు ఇచ్చింది. షెడ్యూల్డు తెగల రక్షణ కోసం దానిపై ఆంక్షలు పెట్టవచ్చు. అయితే ఆ ఆంక్షలు చట్టం ద్వారా, సమంజసంగా ఉండాలి. 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కు పౌరులకే కాదు, మనుషులందరికీ వర్తిస్తుంది.

అరుణాచల్ ప్రదేశ్‌లోని చక్మాల కేసు దీనికి ఉదాహరణ. తూర్పు పాకిస్తాన్ నుంచి 1964లో వచ్చిన చక్మాలను సరిహద్దు కొండల్లో స్థిరపరిచారు. బయటివారు అనుమతి పత్రం లేకుండా అడుగు పెట్టరాదన్న ప్రత్యేక చట్టం ఉన్న ప్రాంతమది. చక్మాలు వెళ్లిపోవాలని స్థానిక విద్యార్థి సంఘం గడువు పెట్టి బెదిరించింది. జాతీయ మానవ హక్కుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. చక్మాల ప్రాణాలకు, ఇళ్లకు రాష్ట్ర ప్రభుత్వమే రక్షణ ఇవ్వాలని, చట్టప్రకారం తప్ప వారిని కదిలించరాదని 1996 జనవరిలో కోర్టు ఆదేశించింది. పరాయి దేశం నుంచి వచ్చినవారికే ఆ రక్షణ ఉంటే, పొరుగు జిల్లా నుంచి వచ్చిన పౌరులకు ఉండదా?

మన దగ్గరా అలాంటి సందర్భం వచ్చింది. 2017 సెప్టెంబరులో తాడ్వాయి అడవుల్లోని జలగలంచలో గొత్తికోయల గుడిసెలను అటవీ సిబ్బంది కూల్చివేశారు. వ్యవహారం హైకోర్టుకు చేరింది. వారిని అక్కడినుంచి వెళ్లగొట్టరాదని కోర్టు అడ్డుపడింది.

చదువు విషయానికి వస్తే, 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు ప్రతి పిల్లకూ పిల్లవాడికీ వర్తిస్తుంది. పుట్టిన తేదీ పత్రం లేదన్న కారణంతో బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. ఏ కులమని, ఏ రాష్ట్రమని అడిగి వెనక్కి పంపకూడదు. అంగన్‌వాడీ విషయంలో 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ఉంది. ఆరేళ్ల లోపు పిల్లలు 40 మంది ఉన్న నివాసంలో కేంద్రం లేకపోతే, అక్కడివారు కోరిన మూడు నెలల్లో ఏర్పాటు చేయాలి. ఆ నివాసం రెవెన్యూ గ్రామమా, అటవీ గుంపా అన్న తేడా అందులో చేయలేదు.

రేషను సంగతీ అంతే. 2013 ఆహార భద్రత చట్టంలో కులపత్రం షరతు లేదు. ఒక రాష్ట్రం కార్డుతో మరో రాష్ట్రంలో బియ్యం తీసుకునే ఏర్పాటును అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని 2021 జూన్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మిరప కోతలకు వచ్చి పోయే కూలీలకు ఇది ఉపయోగం. గుడిసెతో పాటు కార్డూ కాలిపోయినవారికి మాత్రం ఇక్కడే కొత్తది ఇవ్వాలి. ఓటరు జాబితాలో చేరడానికి కూడా మామూలుగా నివసించే చోటే ప్రమాణం.

ఈ హక్కుల్లో ఏ ఒక్కటీ స్థానిక కోయల భూమిని తగ్గించదు, రిజర్వేషన్ సీటును తగ్గించదు. బడి, అంగన్‌వాడీ, బియ్యం, మందులు అందించడానికి కొత్త చట్టం అవసరం లేదు. మండలాఫీసు కదిలితే చాలు.

బ్రూలకు దొరికిన దారి

తెగ హోదా, భూమి ప్రశ్నలు తేలడానికి మాత్రం రాష్ట్రాలు, కేంద్రం ఒకచోట కూర్చోవాలి. అది జరగని పని కాదని ఈశాన్య సరిహద్దు చూపించింది. 1997లో మిజోరంలో జరిగిన గొడవల వల్ల వేలమంది బ్రూ గిరిజనులు పక్కనున్న త్రిపురకు పారిపోయారు. ఇరవై ఏళ్లకు పైగా శిబిరాల్లో గడిపారు. తిరిగి పంపాలని పలుమార్లు ప్రయత్నించినా ఎక్కువ మంది వెళ్లడానికి ఇష్టపడలేదు.

చివరికి 2020 జనవరి 16న కేంద్రం, త్రిపుర, మిజోరం ప్రభుత్వాలు, బ్రూ సంఘాలు కలిసి ఒప్పందం చేసుకున్నాయి. దాదాపు 34 వేలమందికి త్రిపురలోనే పునరావాసం కల్పించాలని నిర్ణయించారు. కేంద్రం సుమారు 600 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. కుటుంబానికి 1,200 చదరపు అడుగుల ఇంటి స్థలం, ఇల్లు కట్టుకోవడానికి లక్షన్నర, బ్యాంకులో 4 లక్షల డిపాజిట్, రెండేళ్లపాటు నెలకు 5 వేలు, ఉచిత రేషను ఒప్పుకున్నారు. త్రిపుర ఓటరు జాబితాలో చేర్చడానికీ అంగీకరించారు.

అక్కడికీ ఇక్కడికీ తేడా ఉంది. బ్రూలు శిబిరాల్లో ఒకచోట ఉన్నారు, వారికి సంఘాలు ఉన్నాయి, లెక్క ఉంది. మన అడవుల్లోని వారు వందల గుంపులుగా చెదిరిపోయారు. వారి తరఫున బల్లకు అటువైపు కూర్చునేవారు లేరు. అయినా సూత్రం ఒకటే. ముందు లెక్క, తరువాత ఇష్టం కనుక్కోవడం, ఆ తరువాత మూడు ప్రభుత్వాల ఒప్పందం.

తిరిగి పోతారా?

పోదామనుకునేవారు ఉన్నారు. 2008లో దంతెవాడలోని నేంద్ర గ్రామానికి కొందరు స్వచ్ఛంద సంస్థ అండతో తిరిగి వెళ్లారు. 2019లో సుక్మా జిల్లా మరాయిగూడకు కొన్ని కుటుంబాలు చేరాయి. ఇటీవలి ఏళ్లలో బస్తర్‌లో మావోయిస్టు పార్టీ బాగా దెబ్బతింది. 2025 మే నెలలో దాని ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు ఎదురుకాల్పుల్లో మరణించారు. పోరు తగ్గితే తిరుగు ప్రయాణానికి దారి ఏర్పడవచ్చు.

కాని తుపాకి చప్పుడు ఆగినంత మాత్రాన ఊరు తిరిగి రాదు. ఇరవై ఏళ్లు బీడుపడిన చేను ఎవరి పేరున ఉంది? అది అడవిగా మారిందని అక్కడి అటవీశాఖ అనదా? ఇక్కడ పుట్టి, ఇక్కడి బడిలో తెలుగు అక్షరాలు దిద్దిన పిల్లలు అక్కడ హిందీ బడిలో ఎలా కూర్చుంటారు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పకుండా లారీలు ఎక్కించి పంపితే అది పునరావాసం కాదు, రెండోసారి వెళ్లగొట్టడమే అవుతుంది. పోవాలనుకునేవారికి అక్కడ భూమి చూపాలి. ఉండాలనుకునేవారికి ఇక్కడ ఒక నిర్ణీత చోటు చూపి, కొత్తగా అడవి నరకకుండా కట్టడి చేయాలి.

ప్రభుత్వాలు చేయవలసింది

మొట్టమొదట తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వాలు కలిసి ప్రతి గుంపునూ లెక్కించాలి. ఏ ఊరు విడిచి, ఏ ఏడాది వచ్చారో ప్రతి కుటుంబానికీ ఒక కాగితం ఇవ్వాలి. సొంత ఊరి రికార్డు ఆధారంగా ఛత్తీస్‌గఢ్ కులపత్రాన్ని ఇక్కడికే తెచ్చి అందించే ఏర్పాటు కావాలి. అటవీ హక్కుల చట్టంలోని తేదీ వల్ల మిగిలిపోయినవారి కోసం కేంద్రం వేరే ఉత్తర్వు ఇవ్వాలి, లేదా చట్టం సవరించాలి.

హోదా ఇచ్చినా ఇక్కడి గిరిజనుల రిజర్వేషన్ వాటాకు కోత పడకుండా చూడవచ్చు. భూమి వేరు, ఉద్యోగం వేరు, బియ్యం వేరు. అన్నింటినీ ఒకే మూటగా కట్టి ఇవ్వాలా వద్దా అని వాదించుకోవడం వల్లే ఇరవై ఏళ్లుగా ఏదీ తేలలేదు. ముందుగా స్థానికుల పోడు పట్టాల దరఖాస్తులు తేల్చివేస్తే సగం గొడవ అక్కడే చల్లబడుతుంది. తన భూమికి భరోసా ఉన్న రైతు పొరుగువాడిని చూసి భయపడడు.

2005లో తల్లి చంకనెక్కి సరిహద్దు దాటిన బిడ్డలు ఇప్పుడు పెళ్లిళ్లు చేసుకుని తమ బిడ్డలను ఎత్తుకుంటున్నారు. బడిలో పేరు రాసే పంతులు ఆ బిడ్డల తెగ ఏమిటని అడిగితే ఏమి చెప్పాలో వారికి ఈనాటికీ తెలియదు. ఈ తరం పిల్లలైనా జవాబు లేకుండా పెరగకూడదు.